కోటు ఫోటో

గురువారం పొద్దున్న హరిబాబు స్టూడియో షట్టర్ సగం లేపాడో లేదో, పోలమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఖరగ్‌పూర్ మలంచా రోడ్డు మీద అప్పటికే ఆటోల రొద మొదలైంది. ఆమె ఒళ్లో పాత తువ్వాలులో చుట్టిన ఫోటో ఫ్రేము ఉంది. ఆ చుట్టిన తీరు చూడగానే హరిబాబుకి సంగతి అర్థమైపోయింది. బోణీ కాకముందే ఈ తగలాటం ఏమిట్రా దేవుడా అనుకున్నాడు.

"బాబూ, ఒక్కపాలి దీన్ని సూడు," అంటూ ఆమె తువ్వాలు విప్పింది.

చూడాల్సిన పని లేదు. అది అతను చేసిందే. ఏడాది కిందట ఆమె భర్త తవిటయ్య పోయినప్పుడు, పదోరోజుకి ఫోటో కావాలంటే, రైల్వే గుర్తింపు కార్డు మీది తలని కత్తిరించి, కంప్యూటర్లో ఉన్న నల్లకోటు ఒంటికి అతికించి ఇచ్చాడు. చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో సగం గోడల మీద ఆ కోటే ఉంది. పోయినవాడు ఫిట్టరైనా, ఖలాసీ అయినా, పకోడీల బండి నడుపుకున్నవాడైనా, హరిబాబు చేతిలో పడ్డాక అందరికీ అదే కోటు, అదే ఎర్ర టై, ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న అవే తెల్లటి చేతులు.

"నాను సేసిందే గదా పిన్నీ. బాగానే ఉంది."

"మొకం ఆయనదే. మరి ఈ సేతులు ఎవలివి?"

తవిటయ్య కుడిచేతికి మూడు వేళ్లే ఉండేవి. ఫోటోలో అయిదూ ఉన్నాయి, గోళ్లు కూడా శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి.

"దీపం ఎట్టినప్పుడల్లా ఎవలికో పరాయోడికి దండం ఎడతన్నట్టుంటాది," అంది పోలమ్మ. "సోమారం ఏడాది. సుట్టాలంతా వొస్తారు. మా పెళ్లయిన కొత్తలో మీ నాన్న తీసినాడు సూడు, నాను కుర్సీలో కూకున్నాను, ఆయన పక్కన నిలబడ్డాడు, అది కావాల. మా ఇంట్లోది వానకి తడిసి అద్దానికి అతుక్కుపోనాది. మీ కాడ దాని ఫిలిం ఉంటాది గదా."

"పోయినేటి నుంచీ సెప్తన్నాను గదా పిన్నీ. నాన్న దాసిన పెట్టెలన్నిటికీ సెదలట్టీసినాయి. ఒక్కటీ మిగల్నేదు."

దుకాణం ఫోన్ నంబరు చెప్పినంత సులువుగా చెప్పాడు. చెప్పీ చెప్పీ అలవాటైన మాట అది. పోలమ్మ అతని మొహంకేసి కాసేపు చూసింది. తర్వాత ఫ్రేముని మళ్లీ తువ్వాలులో చుట్టుకుంది.

"మరొకపాలి ఎతుకు బాబూ," అని మెట్టు దిగి తన ఇల్లున్న ఝపటాపూర్ వైపు నడిచింది.

చెదలూ లేవు, పాడూ లేదు. తొమ్మిదేళ్ల కిందట కొత్త ప్రింటింగు మిషను పెట్టడానికి చోటు చాలక, తండ్రి గోవిందరావు ముప్పై ఏళ్లపాటు ఒక్కొక్కదానికీ నంబరు వేసి దాచిన నెగటివ్‌ల పెట్టెలు నాలుగూ పాతసామాన్ల వాడి రిక్షాలోకి ఎత్తించేశాడు. ఆ తర్వాత ఎవరొచ్చి ఏ పాత ఫోటో అడిగినా చెదలే. చెదల మీద ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ముసలావిడకి మాత్రం ఒకసారి చెబితే ఎక్కదు కాబోలు అని విసుక్కుంటూ షట్టర్ పూర్తిగా పైకి తోశాడు.

శుక్రవారం నుంచి స్టూడియో మూత. ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాప్ అంటే ఒకటే, రైల్వేది. అందుకని "మూడు రోజులు వర్క్‌షాప్‌కి పోతున్నాను" అని చెబితే పక్క దుకాణం విల్‌ఫ్రెడ్ "యాభై ఏళ్లకి ఉద్యోగం ఇచ్చారా" అని అడిగాడు. ఇది ఆ వర్క్‌షాప్ కాదు, రీలు కెమెరాతో ఫోటోలు తీయడం, కడగడం నేర్పే వర్క్‌షాప్ అని చెప్పాల్సి వచ్చింది. అది నీకు రాదా అని అతను అడగనే అడిగాడు. ఆ ప్రశ్నకి జవాబు హరిబాబు భార్య సత్యవాణి చెప్పాలి. ఇప్పటి పెళ్లికూతుళ్లు రీలు ఫోటోలంటే పడి చస్తున్నారనీ, గోడకి ఒక సర్టిఫికెట్ తగిలిస్తే ఇండస్ట్రియల్ పార్కుకి పోయి రోజుకి రెండొందల మంది కూలీల మొహాలు గుర్తింపు కార్డులకి తీసే చాకిరీ తప్పుతుందనీ, పేరిచ్చి డబ్బు కట్టేసింది ఆవిడే.

ఝపటాపూర్‌లో మూతపడ్డ ట్యూషన్ సెంటర్ మేడ మీద గది. గుమ్మం దగ్గరే వెదురుబుట్ట పట్టుకుని నేర్పేవాడు నిలబడ్డాడు. పేరు సౌమ్యదీప్, కోల్‌కతా నుంచి వచ్చాడు, వయసు ముప్పై దాటదు. ఫోన్లన్నీ బుట్టలో వేయమన్నాడు. మూడు రోజులూ ఈ గదిలో తెర అన్నది కనబడకూడదట. ఆ పూట రెండు పెళ్లిళ్లవాళ్లు ఫోన్ చేయాలి. హరిబాబు పళ్లు బిగపట్టి ఫోన్ బుట్టలో పడేశాడు.

తర్వాత అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, వెలుగంటే మీకేమిటో చెప్పండి అన్నాడు. రెండు జర్మనీ కెమెరాలు మెడలో వేలాడేసుకున్న రిటైర్డు బ్యాంకాయన వెలుగంటే జ్ఞాపకం అన్నాడు. కాలేజీ పిల్లలు ఇంకేవేవో అన్నారు. హరిబాబు వంతు వచ్చింది.

"వెలుగు తక్కువైతే ఫ్లాష్ వేస్తాను," అన్నాడు హిందీలో.

అందరూ నవ్వారు. నవ్వడానికి అందులో ఏముందో అతనికి అర్థం కాలేదు.

మధ్యాహ్నం రీలుని చీకట్లో, కడిగే డబ్బాలో పెట్టే ప్లాస్టిక్ చుట్టకి ఎక్కించడం నేర్పారు. ముందు వెలుతురులో, కళ్లు మూసుకుని, పనికిరాని రీలుతో. హరిబాబు వేళ్లు పాతికేళ్ల తర్వాత కూడా దారి మరిచిపోలేదు. అంచు పట్టుకుని, కాస్త వంచి, తిప్పుకుంటూ పోయాడు. పక్కవాళ్లు కొస దొరక్క తంటాలు పడుతుండగానే చుట్టని బల్ల మీద పెట్టేశాడు.

"తొందర వద్దు కాకూ," అన్నాడు సౌమ్యదీప్ బెంగాలీలో. కాకు అంటే బాబాయి. "ఫిల్మ్‌ని అనుభవించండి. తప్పులు చేయండి. తప్పుల్లోనే అందముంది."

చిన్నప్పుడు నెగటివ్ మీద బొటనవేలి ముద్ర పడినందుకు గోవిందరావు కొడుకు వీపు చిట్లగొట్టాడు. ఆ అందం గురించి ఆయనకి ఎవరూ చెప్పలేదు. హరిబాబు చుట్ట విప్పి, మళ్లీ మొదటి నుంచి, నెమ్మదిగా, అనుభవిస్తూ ఎక్కించాడు. సాయంత్రందాకా ఇదే తంతు. బాత్రూమే డార్క్‌రూమ్. కమోడ్ మీద ప్లైవుడ్ చెక్క పరిచి, దాని మీద ట్రేలు పెట్టారు. ఫిల్మ్ కడిగే మందు కలిపేటప్పుడు బ్యాంకాయన పొడి ముందు పోసి నీళ్లు తర్వాత పోయబోతే హరిబాబు చెయ్యి పట్టుకుని ఆపాడు. అది కూడా అనుభవమేనని ఎవరైనా అంటారేమోనని చుట్టూ చూశాడు.

శనివారం సౌమ్యదీప్ ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇవాళ ఎవరికివారు ఒక నెగటివ్ ఎంచుకుని, రేపు దాన్ని పెద్దది చేసి ప్రింటు వేయాలి. చలికాలంలో కోల్‌కతాలో పెట్టబోయే ప్రదర్శనకి అవి వెళతాయి. ప్రదర్శన పేరు 'పేరులేని మనుషులు'.

"పాతసామాన్ల బజారులో దొరికాయి," అన్నాడతను. గొంతులో నిజమైన కోపం ఉంది. "ఎవరో స్టూడియోవాడు తూకానికి అమ్మేశాడు. తాతల మొహాలు, అమ్మల మొహాలు, చెత్తకింద. అలాంటివాణ్ణి ఏమనాలో నాకు ఏ భాషలోనూ మాట దొరకలేదు."

బ్యాంకాయన నాలిక చప్పరించాడు. కాలేజీ పిల్లలు తలలూపారు. ఈ ఊళ్లో లేనివాడెవడో చేసిన పని కాబోలనుకుని హరిబాబు కూడా సగం ఊపాడు. అప్పుడే సౌమ్యదీప్ మొదటి కవరు తెరిచి, కింద దీపం వెలిగే గాజు వెలుగుబల్ల మీద నెగటివ్‌లు పరిచాడు. ఒక్కోదాని అంచున నల్లసిరాతో నంబరు, నంబరుకి ముందు తెలుగులో 'గో'. తండ్రి రాత. ఆ 'గో' దీర్ఘాన్ని ఆయన ఎప్పుడూ అవసరానికి మించి పొడుగు లాగేవాడు.

హరిబాబు ఊపుతున్న తల అక్కడే ఆగింది.

అతని పక్కన ఆమని కూర్చుంది. కాలేజీలో చదువుకుంటున్న తెలుగు పిల్ల, వాళ్ల అమ్మమ్మ పరమేశ్వరి ఉండేది పోలమ్మ ఇంటి పక్కనే. ఆమని ఒక నెగటివ్‌ని వెలుగు మీదికి జరిపి భూతద్దం పెట్టింది. "అంకుల్, వీళ్లు మన తెలుగోళ్లలాగున్నారు. మీ స్టూడియోవి కావు గదా?" అంది. మళ్లీ తనే, "అవెలా అవుతాయిలే. మీవన్నీ సెదలు తినీసినాయని మా అమ్మమ్మ సెప్పింది," అంది.

"తినీసినాయి," అన్నాడు హరిబాబు.

భూతద్దంలోంచి చూశాడు. నెగటివ్‌లో నల్లటి మొహాలు, తెల్లటి జుట్టు. కుర్చీలో చిన్నపిల్ల లాంటి పెళ్లికూతురు. పక్కన నిలబడ్డవాడి కుడిచెయ్యి ఆమె భుజం మీద ఉంది. ఆ చేతికి మూడు వేళ్లు.

సౌమ్యదీప్ వెనకనుంచి వంగి చూసి, అందరినీ పిలిచాడు. ఈ చేతిని చూడండి అన్నాడు. ఇది రైల్వే ఊరు, ఇనుము ఊరు, ఇనుము ఈ మనిషి దగ్గర ఏం తీసుకుందో చూడండి అన్నాడు. అప్పటికప్పుడు చిన్న చీటీ మీద ఇంగ్లీషులో రాసి నెగటివ్ పక్కన అంటించాడు. 'యంత్రం మింగిన వేళ్లు. వ్యక్తులు: తెలియదు. ఫోటోగ్రాఫర్: తెలియదు.' ప్రదర్శనకి గుమ్మంలో ఇదే పెడతానన్నాడు.

హరిబాబుకి ఒళ్లు మండింది. యంత్రమేమిటి, నీ మొహం. తవిటయ్య రైలు మొహం చూడకముందే పోయిన వేళ్లవి. నరసన్నపేట దగ్గర వాళ్ల ఊళ్లో, పదేళ్ల వయసులో, ఎద్దులు చెరకు గానుగ తిప్పుతుంటే కింద కారే రసం దొంగతనంగా పట్టుకోబోయి పోగొట్టుకున్నాడు. స్టూడియోకి వచ్చినప్పుడల్లా ఆ కథ నవ్వుతూ చెప్పేవాడు, రసం మాత్రం తియ్యగానే ఉంది అని చివర్లో కలిపేవాడు. ఇదంతా హరిబాబు నోటిదాకా వచ్చింది. కానీ ఇది చెబితే అది చెప్పాలి. అది చెబితే తొమ్మిదేళ్ల చెదలన్నీ ఈ బల్ల మీదికి పాకి వస్తాయి, పక్కన పరమేశ్వరి మనవరాలు కూర్చుని ఉంది. నోరు మూసుకున్నాడు.

"నేను దీన్ని ప్రింటు వేస్తాను," అన్నాడు. "ఒకటి ఇంటికి తీసుకుపోవచ్చా?"

"లేదు కాకూ. ప్రింట్లన్నీ ప్రదర్శనకే. అందరికీ ఒకటే రూలు."

ఆ రాత్రి కంచం ముందు సత్యవాణి రెండుసార్లు పిలిస్తే గానీ అతను పలకలేదు.

"ఏటలగున్నావు? పని రానోళ్ల మధ్య కూకుని పిచ్చెక్కిందా?"

"ఆ," అన్నాడు హరిబాబు.

"పోలమ్మ పిన్ని సాయంత్రం మళ్లీ వొచ్చింది. ఎతికినాడా అని అడిగింది. మళ్లీ అదే సెప్పినాను."

"ఏటి?"

"సెదలని. మరేటి సెప్పను?"

ఆవిడ గొంతులో వెటకారమేమీ లేదు, చారు వడ్డిస్తూ చెప్పింది. హరిబాబు సగం అన్నం వదిలేసి లేచాడు.

ఆదివారం బాత్రూమ్ ఎర్రదీపం కింద అతను ఒక్కడే నిలబడ్డాడు. ఎన్లార్జర్‌లో నెగటివ్ పెట్టి, వెలుగు కిందికి వదిలి, బొమ్మని సరిచేశాడు. పెళ్లికూతురి బుగ్గల మీద తండ్రి పెన్సిల్ ములికితో చేసిన సన్నటి గీతలు కనబడ్డాయి. పోలమ్మకి అప్పట్లో అమ్మవారి మచ్చలుండేవి, ఆయన వాటిని ఒక్కొక్కటిగా పూడ్చాడు. ఎవరి లోపాన్నయినా దాచి తీయడం గోవిందరావు పద్ధతి. మెల్లకన్నువాణ్ణి పక్కకి తిప్పేవాడు, కాలు వంకరైతే పూలకుండీ అడ్డం పెట్టేవాడు. తవిటయ్య చెయ్యి మాత్రం నట్టనడుమ, బాహాటంగా ఉంది. అక్కడ పెన్సిల్ తాకనే లేదు.

కాగితం పెట్టి వెలుగు వదిలాడు. మొహాలు నల్లబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి ఆడించాడు, లోపల లెక్క దానంతటదే నడిచింది. కాగితాన్ని మందులోకి జారవిడిచి ట్రేని ఒక మూలనుంచి ఎత్తి దించుతూ చూశాడు. ముందు కుర్చీ చేతులు వచ్చాయి, తర్వాత కళ్లు, తర్వాత భుజం మీద ఆ చెయ్యి. తవిటయ్య ఒంటి మీద రైల్వే యూనిఫాం చొక్కా, పైగుండీ దాకా పెట్టుకున్నాడు. పాతికేళ్ల వాడు. కోటూ లేదు, టై లేదు.

ప్రింటు కడిగి బయటికి తెచ్చేసరికి సౌమ్యదీప్ రెండు చేతులతో అందుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. చాలాసేపు చూశాడు. ఈ మూడు రోజుల్లో మొదటిసారి అతను అనుభవం అనీ అందమనీ ఏమీ అనలేదు.

"కాకూ, ఇలా ప్రింటు వేసేవాళ్లు కోల్‌కతాలో ముగ్గురు కూడా లేరు," అన్నాడు. ప్రింటు ఆరాక వెనక్కి తిప్పి, పెన్సిల్ అందించాడు. "వెనక మీ పేరు రాయండి. ప్రింటు: హరిబాబు. ఫోటోగ్రాఫర్: తెలియదు."

హరిబాబు పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాడు. మూడు రోజులుగా ఈ కుర్రాడి మీద, బ్యాంకాయన మీద, పోలమ్మ మీద, కట్టుకున్న భార్య మీద పడుతూ వచ్చిన విసుగంతా ఇప్పుడు పడడానికి ఇంకెవరూ దొరక్క తన దగ్గరికే వచ్చింది. తెలియదట. తెలియకపోవడమేమిటి.

వంగి, తెలుగులో మూడు వరుసలు రాశాడు. సౌమ్యదీప్‌కి చదవడం రాదు కాబట్టి ఆమని చేతికిచ్చి, "పైకి సదువమ్మా," అన్నాడు.

ఆమని చదివింది. "ఉన్నవాళ్లు: తవిటయ్య, పోలమ్మ. తీసినవాడు: గోవిందరావు, మలంచా. అమ్మేసినవాడు..." ఆగి అతని మొహంలోకి చూసింది.

"సదువు."

"అమ్మేసినవాడు: హరిబాబు."

తర్వాత అదే సంగతి అతనే హిందీలో చెప్పాడు. మిషనుకి చోటు చాలక అని మొదలుపెట్టి, అది కారణంలా వినబడుతోందని తోచి అక్కడే ఆపేశాడు. బ్యాంకాయన కెమెరా మూతని తీసి మళ్లీ పెట్టాడు. నిన్న మాట దొరకలేదన్న సౌమ్యదీప్‌కి ఇవాళ మనిషే దొరికాడు, కానీ అతనే చెవులదాకా ఎర్రబడ్డాడు.

కాసేపటికి తేరుకుని, "కాకూ, ఇది... ఇదంతా మీరు రికార్డు చేయనిస్తారా? చాలా గొప్ప కథ," అన్నాడు.

"ముందు ఆ చీటీ పీకెయ్," అన్నాడు హరిబాబు. "ఏ యంత్రమూ మింగలేదు. చెరకు గానుగ. చిన్నపిల్లాడు, రసం కోసం చెయ్యి పెట్టాడు. ఈ ప్రింటు నేను తీసుకుపోతున్నాను. రేపు ఆయన ఏడాది."

సౌమ్యదీప్ చీటీ పీకి, నలిపి జేబులో పెట్టుకున్నాడు. రూలు సంగతి ఎత్తలేదు. సర్టిఫికెట్ ఇచ్చేదాకా హరిబాబు ఉండలేదు. బుట్టలోంచి ఫోన్ తీసుకుని, ప్రింటుని అట్టల మధ్య పెట్టుకుని మెట్లు దిగాడు.

పోలమ్మ ఇల్లు రెండు సందుల అవతల. ఆమె గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. రేపటి వంటకి కాబోలు, లోపల గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. హరిబాబు చెప్పులు విప్పి, అట్టలు విప్పి, ఏమీ అనకుండా ప్రింటు ఆమె ముందు పెట్టాడు.

ఆమె చేతులకి అంటిన బియ్యప్పొడి కొంగుకి తుడుచుకుని తీసుకుంది. మొహానికి దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టుకుని చూసింది.

"మీ నాన్న ఆ సెయ్యి కుర్సీ ఎనకాల దాసుకోమన్నాడు," అంది చివరికి. "ఈన ఒల్లనన్నాడు. నా పెళ్లాం ఈ సెయ్యి సూసే ఒప్పుకుంది, మీరెందుకు సిగ్గుపడతారు అన్నాడు. మీ నాన్న నవ్వీసినాడు."

ఆమె బొటనవేలు భర్త చేతి మీద ఆగింది. కళ్లు తడిశాయి గానీ తుడుచుకోలేదు.

"పిన్నీ," అన్నాడు హరిబాబు. "సెదలు పట్టనేదు. పెట్టెలన్నీ నానే అమ్మీసినాను."

"తెలుసు."

అతను తలెత్తాడు.

"పాతసామాన్లోడి రిక్సా ఈ సందులోంచే పోనాది. పెట్టెల మీద మీ నాన్న అచ్చరాలు. ఏటో పాత డబ్బాలనుకున్నాను. ఈయన పోయినప్పుడు నువ్వు సెదలన్నావు సూడు, అప్పుడు తెలిసింది."

"తెలిసీ మళ్లీ మళ్లీ ఎందుకు అడిగినావు?"

"నువ్వే సెప్తావేమోనని," అంది పోలమ్మ.

హరిబాబు గుమ్మం పక్కన కూలబడ్డాడు. ముసలావిడకి ఒకసారి చెబితే ఎక్కదని విసుక్కున్నాడు. ఏడాదిగా ఆమె ఎన్నిసార్లు ఆ ఫ్రేముని తువ్వాలులో చుట్టుకుని మలంచాదాకా నడిచిందో, ప్రతిసారీ మెట్టు మీద కూర్చుని అతనికి ఒక్కో అవకాశం ఇచ్చి పోయిందో, ఇప్పుడు ఒక్కసారిగా అర్థమై సిగ్గుతో మెడ కాలిపోయింది.

"ఇంకెంతమందికి సెప్పినావు, సెదలని?" అని ఆమె అడిగింది.

"ఈ సందులో సుమారు అందరికీ."

"రేపు అందరూ ఇక్కడికే వొస్తారు," అంది పోలమ్మ ప్రింటుని ఒళ్లో పెట్టుకుని, చేట మళ్లీ దగ్గరికి లాక్కుంటూ. "ఆళ్లవి కూడా ఆ కలకత్తా బాబు కాడ ఉన్నాయో నేదో సూడాల గదా. నువ్వే నిలబడి సెప్పు."

సందులో ఎవరి ఇంట్లోనో కుక్కర్ కూత వేసింది.

"బోయనాలకి ముందా, తరవాతా?" అని అడిగాడు హరిబాబు.

"ముందే," అంది పోలమ్మ బియ్యంలోంచి రాయి ఏరి పారేస్తూ. "కడుపు నిండిపోతే గట్టిగా తిట్టలేరు పాపం."